పోయొస్తా అనడం మానేసిన ఇల్లు

ఆ రోజు చిత్తూరు నుంచి తిరుపతికి నాది రెండో ట్రిప్పు. మామిడికాయల సీజను. పూతలపట్టు దగ్గర తోతాపురి లారీలు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని దాటడానికి హారన్ కొట్టడం నాకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది, వెనక నుంచి నలుగురైదుగురు ఒకేసారి అరవడం. వాళ్ళు కాశిపెంట్లలో దిగాల్సినవాళ్ళు. నేను కాశిపెంట్ల దాటి చాలా దూరం వచ్చేశాను. కండక్టర్ వేలాయుధం నాలుగైదు సార్లు బెల్లు కొట్టాడట, నాకు వినపడలేదు. మధ్యలో టోల్‌గేటు ఉంది. అక్కడ బస్సు స్లో చేశాను, గేర్లు మార్చాను, మళ్ళీ స్పీడు అందుకున్నాను. ఇవన్నీ చేసింది నేనే. ఒక్కటీ గుర్తు లేదు.

ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. ఒక్కరోజు తాగి బండెక్కలేదు, ఒక్క మనిషికి దెబ్బ తగిలించలేదు. బస్సు పక్కకు తీసి ఆపాను. ఛాతీ మీద ఎవరో కూర్చున్నంత బరువు. వేలాయుధం దిగి నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా మునిరత్నం, నిద్ర పోయినావా?”

“లేదన్నా.”

“మరి యాడుండావు ఇంతసేపూ?”

ఎగతాళిగానే అడిగాడు గానీ, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ప్యాసింజర్లను వెనక వచ్చే బస్సు ఎక్కించి నా పక్కన కూర్చున్నాడు.

మా డిపో డిస్పెన్సరీలో ఈసీజీ తీశారు. తేడా ఏమీ లేదు. అయినా స్టీరింగ్ పట్టే మనిషి కాబట్టి వాళ్ళు నన్ను బండి దించి, డిపోలో కూర్చోబెట్టి, తిరుపతిలో పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ ఎకో, టీఎంటీ, షుగరు, థైరాయిడ్, చివరికి తలకు సీటీ స్కాన్. ఆ స్కాన్ గది ముందున్న బెంచీ మీద కూర్చోవడం నా వల్ల కాలేదు. లేచిపోయి మెట్ల దగ్గర నిలబడ్డాను. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాయి. కార్డియాలజీ డాక్టర్ కాగితాలు తిప్పి చూసి, “నీ గుండెకేం లేదయ్యా, ఇంకో ఇరవై ఏళ్ళు బస్సు నడపొచ్చు” అన్నాడు. సంతోషపడాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఏమీ లేకపోతే ఈ బరువేంటి మరి?

ఆయన రాసుకుంటూనే అడిగాడు. “ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా?”

“లేదు సార్” అన్నాను.

నాతోపాటు వచ్చిన వేలాయుధం నా వంక అదోలా చూశాడు. “అదేమప్పా అట్లంటావు?” అని డాక్టర్ వైపు తిరిగి, “భార్య పోయింది సార్. నాలుగు నెల్లయింది” అన్నాడు.

డాక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. నేను కావాలని అబద్ధం చెప్పలేదు. అవునన్న మాట నోటి దాకా రాలేదు, అంతే. ఆయన సైకియాట్రీ ఓపీకి చీటీ రాసిచ్చాడు. బయటికి వచ్చాక, “నాకేం పిచ్చి పట్టలేదన్నా” అని వేలాయుధం మీద విరుచుకుపడ్డాను. “పట్టిందో లేదో వాళ్ళు సెప్తారులే, నువ్వు పద” అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

నా భార్య పేరు సుగుణ. ఫిబ్రవరిలో ఒక బుధవారం ఉదయం నాకు ఐదు గంటల బండి. ఆమె వంటింటి గడప మీద తల పట్టుకుని కూర్చుని ఉంది. “తల పగిలిపోతా ఉండాది” అంది. నేను అప్పటికే ఆలస్యమై షూ లేసులు కట్టుకుంటున్నాను. “టీ తాగి ఒక మాత్ర ఏసుకో” అన్నాను. నీళ్ళ బాటిల్ నింపిపెట్టలేదని ఒక మాట కూడా విసిరాను. బాటిల్ నేనే నింపుకుని, గేటు దబ్బున వేసి వెళ్ళిపోయాను.

బయటికి పోయేటప్పుడు “పోతా” అనకూడదు, “పోయొస్తా” అనాలి. అందరి ఇళ్ళలోనూ ఉండేదే. కానీ సుగుణకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. నేను మర్చిపోయి సందు చివరిదాకా పోయినా వెనక్కి పిలిచి చెప్పించుకునేది. డ్రైవరు పెళ్ళానికి ఆ మాత్రం భయం ఉంటుంది కదా. ఆ రోజు నేను చెప్పలేదు. ఆమె పిలవలేదు.

పదిన్నరకి పక్కింటివాళ్ళు చూశారు, పడిపోయి ఉంది. నేను బండి మీద ఉంటే నా ఫోను సైలెంట్‌లో కండక్టర్ బ్యాగులో ఉంటుంది. చిత్తూరు బస్టాండులో బస్సు పెట్టి చూసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్. నేను తిరుపతి పెద్దాసుపత్రికి చేరేసరికి సీటీ కూడా అయిపోయింది. “బ్రెయిన్‌లో బ్లీడ్ అయింది, చాలా పెద్ద బ్లీడ్” అని డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నది, తర్వాత నేను కూర్చోలేక లేచిపోయిన ఆ బెంచీ మీదే. వెంటిలేటర్ మీద మూడు రోజులు ఉంది. శనివారం పొద్దున పోయింది.

కర్మ జరిగేదాకా ఇల్లు నిండా జనం. వచ్చేవాళ్ళు వస్తున్నారు, కాసేపు కూర్చుంటున్నారు, చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నారు. చావు ఇంట్లో నుంచి పోయేటప్పుడు “పోయొస్తా” అనకూడదు కదా, ఆ ఇంటికి మళ్ళీ అలాంటి పని మీద రావాల్సి వస్తుందని. పదకొండో రోజు భోజనాలయ్యాక ఆఖరి బంధువు కూడా అలాగే చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఇంట్లో మిగిలింది నేను, కర్మకు ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయిన మా అమ్మ, ఇంటర్ చదువుతున్న నా కూతురు కీర్తన.

మా అమ్మ ఒక కట్టడి పెట్టింది. “బిడ్డ ముందర దాని పేరు ఎత్తగాకు నాయనా. బెంగ పెట్టుకుంటాది” అంది. నాకు సరే అనిపించింది. నిజం చెప్పాలంటే నాకు అదే సుఖంగా ఉండింది. సుగుణ చీరలు ట్రంకు పెట్టెలో వేసి అటక మీదికి ఎక్కించాను. ఫోటో తీసి బీరువాలో బట్టల కింద పెట్టాను. ఎవరూ చెప్పకుండానే ఇంకొకటి జరిగింది. మా ఇంట్లో “పోయొస్తా” అన్న మాట ఆగిపోయింది. పాప కాలేజీకి చెప్పులేసుకుని వెళ్ళిపోయేది. నేను డిపోకి వెళ్ళిపోయేవాణ్ణి. మేం ముగ్గురం మా ఇంటికే పరామర్శకు వచ్చిపోయే చుట్టాల్లాగా తయారయ్యాం. కీర్తన అంతకు ముందు వసపిట్టలా వాగేది. ఇప్పుడు నేనేం అడిగినా “ఊఁ”, “లేదు”. నా వైపు చూసేది కాదు. అమ్మని నేను పట్టించుకోలేదని, ఫోన్ ఎత్తలేదని నా మీద కోపం పెట్టుకుందని నాకు గట్టిగా అనిపించింది. అడిగే ధైర్యం లేకపోయింది.

సైకియాట్రీ డాక్టర్ పెద్దాయన, తొందర లేని మనిషి. “దుఃఖం జబ్బు కాదు. చాలామందికి మందూ మాకూ లేకుండానే సర్దుకుంటుంది. కొందరికి మాత్రం ఒకచోట ఇరుక్కుపోతుంది. ఆరు నెలలు దాటాక కూడా ఇట్లాగే ఉంటే దాన్ని ప్రొలాంగ్డ్ గ్రీఫ్ అంటాం. ఇప్పుడే పేరు పెట్టను” అన్నాడు. నిద్రకి ఒక మాత్ర ఇచ్చాడు. ఆగస్టులో మళ్ళీ చూసి, ఇక పేరు పెట్టక తప్పదన్నాడు. నన్ను జ్యోతి అనే కౌన్సిలర్ దగ్గరికి పంపాడు. పీలేరు పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె చేతిలో లావుపాటి ఫైలు. అందులో ఇంగ్లీషు నుంచి తెలుగు చేసిన ప్రశ్నలు. “మరణించిన వ్యక్తి పట్ల తీవ్రమైన ఆరాటము కలుగుచున్నదా? ఎన్నడూ లేదు, అరుదుగా, తరచుగా” అని చదివింది. నాకు కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టు అనిపించింది. అదే అన్నాను. ఆమె నవ్వుకుని, “నాకూ అట్లే అనిపిస్తా ఉండాది అన్నా. రాసినోళ్ళు ఎప్పుడూ బస్సెక్కినట్టు లేరు” అంది.

ఆ ఫైల్లో ఉన్న వైద్యం పద్ధతి ఏంటో ఆమె నాకు దాచకుండా చెప్పింది. “బయటి దేశాల్లో చాలామందితో చేసి సూసినారన్నా. తప్పించుకుని తిరిగేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటాదని తేలింది. అందుకని ఆ రోజు జరిగింది మొదటి నుంచి చివరిదాకా నోటితో చెప్పాల. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని రోజుకొకసారి వినాల. దాని తోడు రోజూ ఒక చిన్న పని, బతుక్కి పనికొచ్చేది, చెయ్యాల. మన ఊళ్ళల్లో ఇది ఎట్లా పని చేస్తాదో నాకూ పూర్తిగా తెల్దు. కలిసి సూద్దాం.”

నేను ఎదురుగా కూర్చుని ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాలట. ఫైల్లో అలాగే ఉంది. మూడు వారాలు నోరు పెగల్లేదు. నాలుగో వారం ఎలాగో సగం చెప్పాను. ఇంటికి పోయి ఆ రికార్డు వింటే నా గొంతే నాకు అసహ్యమేసింది. ఆ వారం నిద్ర లేదు, తిండి లేదు. డిపోలో మళ్ళీ ఛాతీ పట్టేసింది. తర్వాత వారం పోయి నిలబడే అరిచాను. “మీ పరిశోధనలు నా మీద వద్దు మేడం. మానే పుండును గోకతా ఉండారు.” ఆ తర్వాత నేను పోవడం మానేశాను. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అప్పుడు జరిగింది నన్ను నిజంగా భయపెట్టిన సంగతి. ఒకరోజు అన్నం తింటుండగా కీర్తన కంచంలోకి చూస్తూ చెప్పింది. “చిన్నమ్మ వాళ్ళింటికి పోతా. ఏర్పేడులో ఆడ్నే ఉండి సదువుకుంటా.” సుగుణ చెల్లెలు అక్కడ ఉంది. నేను ఎందుకని అడిగాను. “ఊరికే” అంది. మా అమ్మ నా వైపు చూసింది. పిల్ల చదువు కోసం పోవడం లేదని ముగ్గురికీ తెలుసు. ఇంక నా కూతురు కూడా నాకు లేనట్టే అనుకున్నాను. కార్డియాలజీ వాళ్ళు ఏమీ లేదన్న గుండె ఆ మధ్యాహ్నం నిజంగానే ఆగిపోతుందేమో అనిపించింది.

మర్నాడే జ్యోతి దగ్గరికి పోయాను. “నా సంగతి ఎట్లన్నా పోనీ మేడం, నా బిడ్డ దూరమైపోతా ఉండాది” అన్నాను. ఆమె ఒక ప్రశ్న వేసింది. “నువ్వు మనుషులతో బాగా మాట్లాడేది ఎప్పుడన్నా?” నేను ఆలోచించకుండానే చెప్పాను. బండి తోలేటప్పుడు. డ్రైవరుతో మాట్లాడరాదని నా తల పైనే రాసి ఉంటుంది గానీ, వేలాయుధం ముందు సీట్లో కూర్చుంటే చాలు, పూతలపట్టు నుంచి చంద్రగిరి దాకా లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకుంటాం. ఒకరి మొహం ఒకరం చూడం. ఇద్దరం రోడ్డే చూస్తాం.

జ్యోతి లేచి తన కుర్చీ తెచ్చి నా పక్కన వేసింది. ఇద్దరం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం. కింద ఆటోలు, టీ బంకు, చీటీ కోసం లైన్లో నిలబడ్డ జనం. “ఇప్పుడు చెప్పన్నా” అంది. వంటింటి గడప దగ్గర మొదలుపెట్టి శనివారం దాకా చెప్పాను. చెప్పని “పోయొస్తా” గురించి కూడా చెప్పాను. ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ళ మగవాణ్ణి, యూనిఫాం చొక్కాతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. ఆమె ఫైల్లో పెన్నుతో ఏదో రాసుకుంది. ఏంటని అడిగితే, “ఎదురుగా కాదు, పక్కన కూర్చోబెట్టాల అని రాసినా” అంది.

రికార్డు వినడానికి నాకొక చోటు దొరికింది. డిపో వెనక ఒక పాత బస్సు ఉంది, తుప్పు పట్టి పక్కన పెట్టేసింది. రోజూ భోజనం తర్వాత దాని డ్రైవరు సీట్లో కూర్చుని ఒకసారి వినేవాణ్ణి. మొదట్లో ఒళ్ళంతా చెమటలు పట్టేవి. రెండు మూడు వారాలకి, ఆ కథలో నేను ప్రతిసారీ వినకుండా తప్పించుకుంటున్న చోటు ఎక్కడో నాకే తెలిసిపోయింది. గేటు దబ్బున వేసిన చోటు.

అక్టోబర్లో జ్యోతి ఇంటికి వస్తానంది. ఇంట్లోవాళ్ళతో కలిపి మాట్లాడించడం కూడా ఆ పద్ధతిలో భాగమేనట. వచ్చింది. మా అమ్మ కాఫీ ఇచ్చింది. కీర్తన గదిలో నుంచి బయటికి రాలేదు. తలుపు మాత్రం ఓరగా తీసి ఉంది. అరగంట కూర్చున్నా ఎవరూ ఏమీ మాట్లాడలేదు. జ్యోతి లేచి, సంచి భుజానికి తగిలించుకుని, “పోయొస్తానవ్వా. వచ్చే వారం మళ్ళీ వస్తా” అంది.

మా అమ్మ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. “ఏం మాటది? సావు ఇంట్లో పోయొస్తా అంటారా ఎవురైనా? సదువుకున్నదానివి, ఆ మాత్రం తెల్దా?”

జ్యోతి మొహం పాలిపోయింది. సెషను చివర మళ్ళీ ఎప్పుడు కలిసేదీ చెప్పాలని ఫైల్లో ఉందట, అలవాటుగా అనేసింది. “తప్పయింది అవ్వా” అంది. గడప దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి, మెల్లగా, “ఒక మాట అడుగుతా, కోప్పడగాకు అవ్వా. కోడలు పోయి ఎనిమిది నెల్లు. ఇది ఇంకా సావు ఇల్లేనా?”

ఆ ప్రశ్నకు జవాబు గదిలో నుంచి వచ్చింది. కీర్తన తలుపు దగ్గర నిలబడి ఉంది.

“నేను చెప్పినా” అంది. “ఆ పొద్దు అమ్మ నన్ను ఉండమనింది. తల నొస్తా ఉండాది, ఈ పూట కాలేజీ మానుకో పాపా అనింది. ప్రాక్టికల్స్ ఉండాయని పోయినా. పోతా పోతా పోయొస్తామ్మా అని చెప్పినా. చెప్పినా గదా అవ్వా. వచ్చేసరికి యాడుండాది మా అమ్మ?”

ఎనిమిది నెలలుగా నా బిడ్డ మోస్తున్నది ఇదని నాకు అప్పుడు తెలిసింది. నా మీద కోపం కాదు. తను ఉండి ఉంటే అమ్మ బతికేదని, ఆ సంగతి నాకు తెలిస్తే నేను తన మొహం చూడనని భయం. నా కళ్ళలోకి చూడకపోవడం అందుకే. నేనేమో నా తప్పుకే అది నన్ను చూడటం లేదనుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే కంచాల వరసలో కూర్చుని, ఇద్దరం ఇంత తెలివితక్కువగా బతికాం.

“నేను చెప్పలేదు పాపా” అన్నాను. “నేను చెప్పకుండా పోయినా. నేను చెప్పనందుకే పోయిందని అనుకుంటా ఉండాను.”

అది నన్ను మొదటిసారి నేరుగా చూసింది. “నేను చెప్పినా గదా నాయనా” అని మళ్ళీ అంది. అప్పుడు నాకు అర్థమైంది. చెప్పినా పోయింది, చెప్పకపోయినా పోయింది. మాటకు ఆ బలం ఉంటే నా కూతురి మాట ఆమెను ఆపేది. ఈ చిన్న లెక్క ఏ డాక్టరూ నా బుర్రకు ఎక్కించలేకపోయాడు. జ్యోతి మళ్ళీ వచ్చి కింద కూర్చుంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తలలో బ్లీడ్ ఎప్పుడొస్తుందో ఎవరూ ముందు చెప్పలేరని, ఇంట్లో మనిషి ఉంటే త్వరగా తీసుకుపోయేవాళ్ళేమో గానీ ఇంత పెద్ద బ్లీడ్‌లో బతికేదని ఎవరూ అనలేరని జ్యోతి పాపకి చెప్పింది. అబద్ధపు ఓదార్పు చెప్పలేదు. “ఏమో” అనే మాటను “ఏమో” గానే ఉంచింది.

రెండు రోజుల తర్వాత కీర్తన ఆ రికార్డు తనకీ వినిపించమంది. ఇద్దరం మిద్దె మెట్ల మీద పక్కపక్కన కూర్చుని విన్నాం. సుగుణ నీలం చీర కట్టుకుని గడప మీద కూర్చుని ఉందని నా గొంతు చెప్తోంది. పాప ఆపేసింది. “నీలం చీర కాదు నాయనా. గళ్ళ నైటీ. నీకు అమ్మ ఏం కట్టుకున్నిందో ఎప్పుడన్నా గుర్తుండిందా?” అచ్చం సుగుణ దెప్పినట్టే దెప్పింది. నవ్వొచ్చింది ఇద్దరికీ. ఆ నవ్వు ఏడుపులోకి ఎప్పుడు మారిందో తెలీదు.

అంతటితో బాగైపోయిందని చెప్పను. సంవత్సరీకానికి ముందు నెలంతా మళ్ళీ ఛాతీ పట్టేసింది. ఒకసారి ఈసీజీ కూడా తీయించుకున్నాను, భయంతో. ఎన్నో పరీక్షలు, ఫిట్‌నెస్ బోర్డు దాటి, పోయిన ఏప్రిల్లో మళ్ళీ స్టీరింగ్ పట్టాను. కాశిపెంట్ల వస్తుంటే ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి, “దిగేవాళ్ళుండారా?” అని అడుగుతాను. వేలాయుధం నవ్వుతాడు. ఫోటో బీరువాలో నుంచి హాల్లోకి వచ్చింది. అటక మీది పెట్టె మాత్రం ఇంకా దించలేదు. ఆ పని చేయాలని జ్యోతి గుర్తు చేస్తూనే ఉంది, నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. ఆసుపత్రిలో పార్కింగ్ వైపున్న బెంచీ మీద ఆమె ఇప్పుడు పెళ్ళాలు పోయిన మగవాళ్ళను పక్కపక్కన కూర్చోబెడుతోంది. నా వీక్లీ ఆఫ్ రోజు నేనూ పోయి కూర్చుంటాను. చాలాసార్లు ఎవరూ ఏమీ మాట్లాడరు, బండ్లు చూస్తూ ఉంటాం. వాళ్ళు మళ్ళీ వస్తారు.

కీర్తన చివరికి ఏర్పేడు పోయింది. డిగ్రీకి, నిజంగా చదువుకే. చిన్నమ్మ ఇంట్లో ఉంటుంది, శనివారం వస్తుంది. సోమవారం పొద్దున బ్యాగు తగిలించుకుని గేటు దగ్గర నిలబడి, “పోయొస్తా నాయనా” అంటుంది. ఆ మాట మనిషిని తిరిగి తెస్తుందని ఇప్పుడు మేమిద్దరం నమ్మం. అయినా నేను చెప్పులు కూడా లేకుండా సందు చివరిదాకా పోయి దాని చేత ఇంకోసారి చెప్పించుకుంటాను.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మీకు తెలిసిన ఇంట్లో ఎవరైనా పోతే పదకొండో రోజుతో మానుకోకండి. నాలుగో నెలలో ఒకసారి పోండి. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. పోయినవాళ్ళ పేరు మీరే ముందు ఎత్తండి. లేచేటప్పుడు పోయొస్తామని గట్టిగా చెప్పండి. చెప్పినట్టు మళ్ళీ పోండి.